కోటకు రూటర్ ఎంచిన రోజు

కొండవాగు రాజు విజయగోపాలుడు ఆన్‌లైన్‌లో మామగారితో చదరంగం ఆడుతున్నాడు. ఇంకో రెండెత్తుల్లో గెలుస్తాననగా నెట్ ఆగిపోయింది. రాజుగారికి ఒళ్లు మండింది.

"నాలుగు మూరల మందం గోడలు! వైఫై పక్క గదికి కూడా పోదని గదిగదికీ తీగలు లాగించాను. తీరా చూస్తే రూటర్ ముసలిదైపోయింది. రేపు సభకు కొత్తది తెండి. మంచిది తెచ్చినవాళ్లకు కోట తీగల పెత్తనం. ఓడినవాళ్లు నెల్లాళ్లు ఏనుగుల శాలలో పేడ ఎత్తాలి!"

యంత్రాధికారి శరభయ్య మీసం దువ్వాడు. తీగల మరమ్మతు చూసే అంకాలుకు ఏనుగంటే చచ్చేంత భయం.

మర్నాడు సభలో శరభయ్య తాను తెచ్చినదాని మీది పట్టుగుడ్డ తొలగించాడు. నల్లగా నిగనిగలాడే పెట్టె, చుట్టూ నీలం దీపాలు. అంకాలు తెచ్చింది బూడిదరంగు రేకు డబ్బా.

"దీని గొప్పేమిటే?" అన్నాడు రాజు.

"లోపల నడిచే ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్‌ది ప్రభూ. ఎవరైనా చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. రేపు కంపెనీ మూతపడ్డా మనకు దిగులుండదు."

శరభయ్య పకపకా నవ్వాడు. "ఊరంతా చదివేదానికి విలువేముంది? నా పెట్టెలో ఏం నడుస్తుందో నాకే తెలియదు. అంత రహస్యం!"

సభంతా ఆహా అంది. రాజు నల్లపెట్టె వైపు చెయ్యి చాచాడు.

అంకాలు నుదుటి చెమట తుడుచుకుంది. "యంత్రాధికారి గారు గెలిచినట్టే. వారింటికి నా కానుకగా ఒక కాపలా మనిషి" అని చప్పట్లు చరిచింది. తల నుంచి పాదాల దాకా దుప్పటి కప్పుకున్న ఆకారం లోపలికొచ్చింది.

"శరభయ్య గారూ, ఇవాళ్టి నుంచి మీకొచ్చే ఉత్తరాలు, మీరు పంపేవి, అన్నీ ఈ చేతుల మీదుగానే."

"ఎవరీ మనిషి?"

"చెప్పకూడదండీ."

"ముసుగు తియ్యమను!"

"వీల్లేదండీ."

"నా ఉత్తరాలు చదివి ఎవరికైనా చేరవేస్తే?"

"చేరవేస్తారో లేదో నాకే తెలియదు. అంత రహస్యం!"

శరభయ్య మండిపడ్డాడు. "మొహం చూపించని మనిషిని గుమ్మంలో నిలబెట్టుకోవడానికి నాకేమైనా పిచ్చా?"

అంకాలు రాజుకు చేతులు జోడించింది.

"రూటర్ కూడా గుమ్మం కాపలాయే ప్రభూ. నెట్‌లో మనకొచ్చేవీ, మనం పంపేవీ అన్నీ దాని మీదుగానే. తమ ఇంటికి వద్దన్నదాన్నే వారు మీ కోటకు తెచ్చారు!"

రాజు సింహాసనం ఊగేలా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి, తీగల పెత్తనంతో పాటు అంకాలు చేతిలో పెట్టాడు.

నవ్వాపుకోలేక ఆ కాపలా మనిషి దుప్పటి జార్చేసింది. సాక్షాత్తు శరభయ్య భార్య!

"అంత కంగారెందుకండీ? మీ ఉత్తరాలు నేను ఎప్పటినుంచో చదువుతూనే ఉన్నాగా!"