వాల్వు కట్టేశాక

ప్రశ్న అడిగినవారి చేతికి ముందు ఏదో ఒక పని అప్పగించడం శితికంఠశాస్త్రిగారి అలవాటు. నరసాపురంలో తమ ఇంట్లోనే ఆయన సాయంత్రాలు ఉపనిషత్తులు చెప్పేవారు. మోక్షం గురించి అడిగినాయన ఒకసారి బుట్టెడు చింతపండుకు గింజ తీసి ఇంటికి వెళ్ళాడు.

ఒకనాడు ఆ పాఠాలకు వచ్చే హైమావతి అందరికంటే ముందుగా వచ్చింది. ఆమె తల్లి జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, "ఏం ఫరవాలేదు, నువ్వు కంగారుపడి రావద్దు" అని ఆమె అన్నగారు సోమసుందరం ఫోనులో చెబుతూ వచ్చాడు. ఆమె వెళ్ళేసరికి తల్లి లేదు. ఆ తరువాత ఏళ్ళ తరబడి హైమావతి అన్నగారి గడప తొక్కలేదు. ఇప్పుడు ఆయన కూతురికి పెళ్ళి కుదిరింది. "మేనత్తవి, నలుగు నువ్వే పెట్టాలమ్మా. ఆనాడు నేను చేసింది తప్పే" అని ఆయన ఫోనులో ఏడ్చాడు. క్షమించానని ఆమె అంది. మనసారానే అంది.

"కానీ ఫోను పెట్టేసిన దగ్గర్నుంచీ మళ్ళీ అదే కోపం వస్తోంది గురువుగారూ. వంట చేస్తుంటే వస్తుంది, దీపం పెడుతుంటే వస్తుంది. నేను క్షమించానన్నది అబద్ధమేనా? అబద్ధమైతే ఆ పిల్లకు ఏ చేత్తో నలుగు పెట్టను?"

శాస్త్రిగారు అంతా విన్నారు. పెరట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"దాని వాషరు మార్చాలమ్మా. మెట్లెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. డాబా మీద ట్యాంకు దగ్గర వాల్వు ఉంది, కట్టేసి రా."

ఆమె వెళ్ళి కట్టేసి వచ్చింది. కుళాయి లోపల ఏముంటుందో ఎన్నడూ చూసినది కాదు, పానా పట్టుకుని ఆసక్తిగా వంగింది. ముందు కుళాయి పూర్తిగా తిప్పమన్నారాయన. తిప్పగానే నీళ్ళు ధారగా దూకి చీర కుచ్చిళ్ళు తడిపేశాయి.

"సరిగ్గా కట్టలేదేమోనండీ" అంటూ ఆమె మళ్ళీ మేడెక్కింది. రెండు చేతులతోనూ వాల్వును బిగించి చూసింది. అది ఇక కదలలేదు. దిగి వస్తే నీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. మళ్ళీ మెట్ల వైపు నడవబోతుంటే శాస్త్రిగారు ఆపారు.

"మూసినదాన్ని ఎన్నిసార్లు మూస్తావు?"

"మరి ఈ నీళ్ళు ఎక్కడివండీ?"

"గొట్టంలోవి. నువ్వు కట్టకముందే బయలుదేరినవి. బకెట్టు పెట్టు."

ఆమె బకెట్టు పెట్టి గట్టు మీద కూర్చుంది. ధార సన్నబడింది, ఆగింది. అయిపోయిందనుకుని లేవబోతే గొట్టం గుడగుడమని మరో పుక్కెడు నీళ్ళు కక్కింది. ఆ తరువాత గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు కుళాయి విప్పి, అరిగి నల్లబడిన వాషరు తీసి, ఇంత చిన్న ముక్కా అని అరచేతిలో తిప్పితిప్పి చూసింది. కొత్తది వేసి బిగించారు. బకెట్లో నీళ్ళు కనకాంబరాల మొదట్లో పోసింది. ఈలోగా మిగతావాళ్ళు వచ్చారు, పాఠం మొదలైంది. ఆమె ప్రశ్న ఊసు ఆయన ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

పెళ్ళి నుంచి తిరిగి వచ్చాక హైమావతి లడ్డూల పొట్లం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వెళ్ళాను గురువుగారూ. నలుగు పెడుతుంటే అన్నయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడూ వచ్చింది కోపం. చెయ్యి ఆగిపోయింది. పిల్ల తలెత్తి, 'ఏమైంది అత్తా?' అంది. ఏమీ లేదని చెప్పి మళ్ళీ పెట్టాను. భోజనాల దగ్గర అన్నయ్యకు నేనే వడ్డించాను కూడా." పొట్లం విప్పుతూ, "ఇంకా ఎన్నాళ్ళు వస్తుందండీ ఇది?" అంది.

శాస్త్రిగారు లడ్డూ విరిచి సగం ఆమె చేతిలో పెట్టారు.

"గొట్టం ఎంత పొడుగో మనకేం తెలుసు తల్లీ" అన్నారు.