ఆమెన్ కోసం ఆగిన ముద్ద

జెకర్యా అయ్యగారు హెబ్రీ మాటకు అర్థం సూటిగా చెప్పి ఎరగరు. జూబిలీ అంటే ఏమిటని అడిగినందుకు ఒకసారి బైబిలు కాలేజీ క్లాసులో పొట్టేలు కొమ్ము ఊదారు. ఇంగ్లీషువాళ్ళ పండగమాట ఆ కొమ్ములోంచే పుట్టిందట! ఆయన దగ్గర చదివి పాస్టరైన ఓబద్యాకు ఈ వరస అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే.

కొత్త ప్రార్థన పుస్తకం అచ్చుకు పంపేముందు ఆయన్ని భోజనానికి పిలిచి, అరుగు మీదే అడిగేశాడు.

"ఇంగ్లీషువాళ్ళు బైబిలంతా తమ భాషలోకి మార్చుకున్నారు కదండీ. ఆమెన్, హల్లెలూయ, సబ్బాతు మాత్రం హెబ్రీలోంచి ఉన్నవున్నట్టు ఎందుకు తెచ్చుకున్నారండీ? వాళ్ళ బద్ధకం మనకెందుకని ఆమెన్ తీసేసి 'అట్లే జరుగును గాక' అని పెట్టానండి. మా ఇంట్లో అప్పుడే మొదలెట్టేశాం."

"ఆ మాటకి హెబ్రీలో ఒకే వేరు నుంచి పుట్టిన చుట్టాలున్నార్రా. కదలకుండా నిలబడే గుమ్మపు స్తంభం ఒకటి, బిడ్డను ఎత్తుకు మోసే దాది ఒకత్తి," అంటూ అయ్యగారు కాళ్ళు కడుక్కుని లోపలికి నడిచారు.

లోపల చాప మీద సంతోషమ్మ కూర్చుని ఉంది. తల్లి పురిట్లోనే పోతే ఓబద్యాను చంకనేసుకుని పెంచిన నాయనమ్మ. ఇప్పుడు ఆమెకు ఊరూ గుర్తులేదు, మనవడూ గుర్తులేడు. ఈమధ్య తిండీ మానేసింది.

"పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని ఉండిపోతారండీ. ముద్ద పెట్టబోతే నోరు తెరవరు. నిద్రమత్తులో నాలుగు చెంచాల గంజి, అంతే," అంది ఓబద్యా భార్య సలోమి, వడ్డిస్తూ.

"మామ్మ ఇక మాకు దక్కదేమోనండీ," అన్నాడు ఓబద్యా.

ప్రార్థన చేశాడు. వాకిలి ముందరి కాలవ నీళ్ళ వెలుగు ఇంటి కప్పు మీద మెల్లగా ఊగుతోంది. ఎండ, చింతచిగురు కూర వాసన, అతని నున్నటి తెలుగు, అన్నీ కలిసి మగతగా సాగి 'అట్లే జరుగును గాక' దగ్గర ఆగాయి. సలోమి కళ్ళు తెరిచింది. సంతోషమ్మ తెరవలేదు. చేతులు జోడించి అలాగే ఉంది.

అయ్యగారు కూడా పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. ఆమె దేనికోసం ఆగిందో దానికోసమే ఆయనా ఆగినట్టున్నారు.

ఓబద్యా ఆ ముడతల మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు మామ్మ ప్రార్థన ఎంతకీ అయ్యేది కాదు. కడుపులో ఎలకలు పరిగెడుతుంటే, ఒంటికన్ను తెరిచి అన్నం వంక చూస్తూ, ఎప్పుడెప్పుడా అని కాచుకుని, ఆవిడ కంటే ముందే అరిచేసేవాడు. ఆ కేకే ఇప్పుడు అతను పిలవకుండానే గొంతులోంచి వచ్చింది.

"ఆ...మెన్!"

"ఆమెన్," అంది సంతోషమ్మ.

కళ్ళు తెరిచింది. తన వేళ్ళతోనే అన్నం కలిపి ముద్ద చేసింది. తన నోటి దాకా తెచ్చుకోలేదు. మనవడి నోటికి అందించింది.

"తిను నాయనా. ఆకలికి ఆగలేవు నువ్వు," అని, రెండో ముద్ద తను తిన్నది.

ఓబద్యా కళ్ళ నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. నోట్లో ముద్దతోనే, "మరి... ఆ మాటకి అర్థం ఏమని రాయమంటారండీ?" అన్నాడు.

అయ్యగారు తన అన్నం కలుపుకుంటూ అన్నారు:

"ముందు ఆ ముద్ద మింగరా."