గుబురయ్య వగరు వైద్యం

అనగనగా ఒక అడవి. అక్కడ తునికి చెట్లు ఎక్కువ, వైద్యం చెప్పేవాళ్లు అంతకంటే ఎక్కువ. వాళ్లలో కొత్తగా చేరినవాడు గుబురయ్య అనే ఎలుగుబంటి.

అతను వైద్యుడైన కథ చిన్నదే. వేసవి మొదట్లో ఇప్పపూలు మితం లేకుండా మెక్కాడు. విరేచనాలు పట్టుకుని, గుహకీ పొదకీ మధ్య పరుగులు తీశాడు. ఆ బాధలో చేతికందిన పచ్చి తునికికాయలు రెండు నమిలాడు. నోరంతా వగరు. సాయంత్రానికి కడుపు కుదుటపడింది.

ఇంకొకరైతే "హమ్మయ్య" అనుకుని పడుకునేవారు. గుబురయ్య లేచి కూర్చున్నాడు. "మందు వగరులో ఉంది! రెండు కాయలకే ఇంత గుణమిస్తే, బుట్టెడు తింటే నాకిక చావే ఉండదు" అనుకున్నాడు.

వగరంటే ఏమిటో తెలుసా పిల్లలూ? పచ్చికాయ కొరికితే నాలుక మొద్దుబారి గరగరలాడుతుంది కదా, అదే. దాన్ని పుట్టించే పదార్థాన్ని టానిన్ అంటారు. అది నోట్లో ఉమ్మిని పట్టుకుని బిగిసిపోతుంది. గింజ ముదిరేదాకా ఎవరూ ముట్టుకోకుండా చెట్టు పెట్టుకున్న కాపలా అది. గింజ ముదిరాక వగరు తగ్గుతుంది, తీపి వస్తుంది. ఇక తినండని చెట్టే పిలుస్తుందన్నమాట. ఆ పిలుపు దాకా ఆగే ఓపిక మన గుబురయ్యకి ఏదీ?

మర్నాటి నుంచి బండ మీద కూర్చుని వైద్యం మొదలుపెట్టాడు. విరేచనాలతో వచ్చిన కుందేలుకి రెండు కాయలిచ్చాడు. తగ్గింది. కాలు బెణికిన దుప్పికీ అవే ఇచ్చాడు. కాలు దానంతటదే బాగుపడింది, పేరు గుబురయ్యకి వచ్చింది. తోక వెంట్రుకలు రాలుతున్న నక్కకీ అవే. రాలడం ఆగలేదు గానీ, "వగరు ఇంకా ఒంటికి పట్టలేదు మామా" అని నక్కే సర్దిచెప్పింది. నమ్మకమంటే అలా ఉండాలి మరి!

పండ్ల కోసం కాచుకున్న పిగిలిపిట్ట ఒక్కతే గొడవపడింది.

"మామా, కాయలన్నీ దులిపేస్తున్నావు. నాలుగైనా పండనివ్వవూ?"

"పండులో వగరేదే పిచ్చిదానా? వగరు లేకపోతే మందెక్కడిది? పండు నోటి కోసం, కాయ ఒంటి కోసం."

"నాకు మందొద్దు, పండే కావాలి" అంది పిట్ట. గుబురయ్య జాలిగా నవ్వి, మిగిలిన కొమ్మ కూడా దులిపాడు.

పొద్దున బుట్టెడు, సాయంత్రం బుట్టెడు తిన్నాడు. నోట్లో పట్టినట్టే కడుపులోనూ వగరు పట్టింది. కాయల పీచు, గుజ్జు కలిసి రాయిలా గడ్డకట్టాయి. తిన్నది దిగదు, పడుకుంటే నిద్ర రాదు. "చచ్చిపోతానేమోరా దేవుడా!" అని పొట్ట పట్టుకుని ఏడ్చాడు. నిజంగానే భయపడ్డాడు పాపం.

సంగతి తెలిసి రోగులంతా కృతజ్ఞతతో పరుగెత్తుకొచ్చారు, తలా ఒక బుట్టెడు పచ్చికాయలతో. "నోరు తెరువు మామా, నీ మందే!" అంది కుందేలు.

గుబురయ్యకి ప్రాణం మీద తీపి, పరువు మీద ఇంకా తీపి. ఒక కాయ అందుకుని నోటిదాకా తెచ్చాడు. వాసనకే మొహం పక్కకి తిప్పేశాడు. "వద్దు! ఆ పేరెత్తకండి!" అని విసిరికొట్టి, పాక్కుంటూ వాగు దగ్గరికి పోయాడు. గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ, మూలుగుతూ అక్కడే పడి ఉన్నాడు. ఎప్పటికో ఆ గడ్డ కదిలింది. నీళ్ల వల్లో, అదృష్టం వల్లో నాకూ తెలియదు.

నీరసంగా లేచి, ఒక పండు తిందామని చెట్లకేసి చూశాడు. కొమ్మలన్నీ బోసిగా ఉన్నాయి.

"పండనిచ్చావా మామా?" అంది పిట్ట.

గుబురయ్య తల దించుకున్నాడు. సిగ్గు విడిచి అందరితో చెప్పాడు. "తప్పు నాదే. రెండు కాయలు నాకు మేలు చేశాయి. బుట్టెడు కాయలు నన్ను చంపబోయాయి. ఏదైనా మితంగా తినండి."

అందరూ శ్రద్ధగా విన్నారు. కుందేలు ముందుకొచ్చింది.

"అర్థమైంది మామా! అసలు మందు వాగునీళ్లలో ఉందన్నమాట. ఎన్ని కుండలు తాగమంటావు?"

నీతి: కొంచెం తింటే మేలు చేసిందని, ఎక్కువ తింటే ఇంకా మేలు చేస్తుందనుకోకూడదు.