బొట్టుకు చోటు

సూరిబాబు విసురుగా దుకాణంలోకి వచ్చి, చేతిలోని ఇనప రేకును బల్ల మీద పడేశాడు.

విశాఖ పారిశ్రామికవాడ పక్కన ఖలీల్ ఉస్తాద్‌ది చిన్న దుకాణం. ఫ్యాక్టరీలకు హెచ్చరిక పలకలు చేసిస్తాడు. సూరిబాబు ఆయన శిష్యుడు. రాస్తే అక్షరాలు ముత్యాలే. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

"చూడండి ఉస్తాద్! 'ప్రమాదం, యాసిడ్, ముట్టుకోవద్దు' అని రేకు నిండా రాసిచ్చాను. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అప్పలనరసమ్మ ఆయుధపూజకని దీనిమీద పసుపు పూసి, బొట్లు పెట్టింది. పండగయ్యాక ఇటుకపొడి వేసి తోమేసింది. అక్షరాలు మాయం! పక్కపక్కనే రెండు తొట్లు. నీళ్ళ తొట్టి అనుకుని ఇవాళ యాసిడ్‌లో చెయ్యి పెట్టబోయింది. మేస్త్రీ వెనక్కి లాగబట్టి సరిపోయింది. చేజేతులా తెచ్చుకోవడమంటే ఇదే!"

ఉస్తాద్ లేచాడు. పక్క కొట్టుకు వెళ్ళి కుంకుమ భరిణె అడిగి తెచ్చాడు. సూరిబాబు రాసిన ఇంకో పలకను అతని ముందు పెట్టాడు.

"బొట్టు పెట్టు."

సూరిబాబు కుంకుమలో వేలు అద్దాడు. పలకను అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఎక్కడ పెట్టను? చోటేదీ?"

"ఆమె కూడా వెతికే ఉంటుంది."

సూరిబాబు వేలికంటిన కుంకుమ తుడుచుకుని, కొత్త రేకు అందుకున్నాడు.

ఆ రోజే ఉస్తాద్ కొలిమి రాజేశాడు. ఈసారి రంగుతో రాయలేదు. గాజుపొడి పూత వేసి, అక్షరాలు రేకులో కరిగి అతుక్కుపోయేదాకా కాల్చారు. పైన నడిమధ్యన అరచేతి మేర ఖాళీ వదిలారు.

మళ్ళీ దసరా వచ్చింది. పూజకు రమ్మంటే గురుశిష్యులిద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు. ఏడాదిపాటు తోమినా యాసిడ్ తొట్టి పలక మీద అక్షరాలు నిన్న రాసినట్టే ఉన్నాయి. ఖాళీలో గుండ్రంగా ఒక బొట్టు.

అప్పలనరసమ్మ సూరిబాబు చేతిలో కొబ్బరిముక్క పెట్టింది. "ఏడాది పొడుగునా మా సేతుల్ని కాసింది ఈ పలకే, బాబూ. సల్లగుండు."

సూరిబాబు ఆ చేతిని చూశాడు. పసుపంటిన ఐదు వేళ్ళు. ఎంత అదృష్టం అనిపించింది, తనదో ఆమెదో తెలియలేదు. కళ్ళు చెమర్చాయి. గిరుక్కున తిరిగి ఉస్తాద్ కాళ్ళమీదికి వంగబోయాడు.

ఉస్తాద్ భుజం పట్టి ఆపాడు.

"ఎక్కడ రాయకూడదో నేర్పింది ఆమె చెయ్యి. దండం అటు పెట్టు."