ఎలుగుబంటి పెంచిన ఎడారి గులాబీ

ఎర్రగుట్టల అడవిలో ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, ఉడుములు, కుందేళ్ళు ఉండేవి. ఆ అడవికంతటికీ ఒకటే నీటి ఊట. రోజూ ఒక్కొక్కరికి రెండు దొప్పల నీళ్ళు కొలిచి ఇచ్చే పని బొచ్చన్న అనే ఎలుగుబంటిది. ఊటకు కాపరిగా ఉన్నవారికి ఆ పక్కనే చల్లని గుహ కూడా ఉండేది.

ఆ ఏడు వానలు పడలేదు. ఊట సన్నబడింది. బొచ్చన్న మాత్రం ఎప్పటిలాగే దొప్ప పొర్లిపోయేదాకా పోసేవాడు. సగం నీళ్ళు నేలపాలయ్యేవి.

అడవికి పెద్ద ఒక ముసలి ఉడుము. ఆయన అందరినీ పిలిచి, "నీళ్ళ విలువ తెలిసినవాళ్ళే ఇకమీద కాపరి. పోటీకి ఎవరొస్తారు?" అని అడిగాడు.

"నేనుండగా పోటీ ఎందుకు పెద్దయ్యా?" అన్నాడు బొచ్చన్న.

"నేనొస్తాను," అంది ముళ్ళమ్మ అనే ముళ్ళపంది. ఆమె బొరియ రెండు గుట్టల అవతల ఉంది. ఇద్దరు చంటిపిల్లలు. ఊటకు వచ్చి వెళ్ళేసరికి తాగిన నీళ్ళు దారిలోనే ఆవిరైపోయేవి. మొన్న చిన్నది ఎండకు సొమ్మసిల్లింది కూడా. ఆ గుహ దొరికితే పిల్లలు బతుకుతారని ఆమె ఆశ.

ఉడుము ఇద్దరికీ చెరొక కుండీ ఇచ్చాడు. ఒక్కో కుండీలో ఒక చిన్న మొక్క. దాని కాండం అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంది.

"ఇది ఎడారి గులాబీ. వేసవి అయ్యేలోగా ఎవరి మొక్క పూస్తే వాళ్ళే కాపరి. ఆకు కొరకకండి, దాని పాలు విషం," అన్నాడు.

బొచ్చన్న మొక్కను చూసి కరిగిపోయాడు. "పాపం, నోరు లేనిది. దాహమైనా అడగలేదు కదా," అని పొద్దున రెండు దొప్పలు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు పోశాడు. కుండీ అడుగు చిల్లు నుంచి నీళ్ళు కారిపోతుంటే బంకమట్టితో చిల్లు మూసేశాడు. ఎండకు కందిపోతుందని టేకు ఆకు గొడుగులా పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

ముళ్ళమ్మ మట్టిలో ఇసుక, గులకరాళ్ళు కలిపింది. ఉబ్బిన కాండం పైకి కనిపించేలా మొక్కను నాటి, ఎండ పడే బండ మీద పెట్టింది. ఒంటి మీది ముల్లు ఒకటి పీకి మట్టిలో లోతుగా గుచ్చి చూసింది.

"అమ్మా, నీళ్ళు పోయవా?" అన్నారు పిల్లలు.

"ముల్లుకు తడి అంటితే పోయకూడదు నాన్నా. పొడిగా వస్తేనే పోయాలి."

ఆమెకూ భయమే. మొక్కకు ఏమవుతుందోనని రోజుకు పదిసార్లు గుచ్చి చూసేది. చూడడమే, పోసేది కాదు.

ఒకరోజు బొచ్చన్న అటుగా వచ్చాడు. "పిల్లల తల్లివి, ఇంత రాతి గుండె ఏమిటి ముళ్ళమ్మా? నా బంగారాన్ని చూడు, ఎలా తడిసి మెరుస్తోందో."

"నీ బంగారం ఆకులు పసుపెక్కాయి అన్నా."

"దాహం వేసి ఉంటుంది," అని బొచ్చన్న పరుగెత్తాడు. ఆ రోజు నుంచి తను తాగే నీళ్ళు కూడా మొక్కకే పోశాడు.

వేసవి ముగిసింది. ముళ్ళమ్మ మొక్కకు ఐదు గులాబీరంగు పూలు విరిశాయి. బొచ్చన్న కుండీ వెంట దోమల గుంపు వచ్చింది. ఉడుము కాండాన్ని ముట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయింది. మొక్క కుళ్ళిపోయింది.

"నా నీళ్ళు కూడా దీనికే పోశాను పెద్దయ్యా. నాలుక చూడండి, ఎలా ఎండిందో."

"మొక్క మునిగి చచ్చింది, నువ్వు దాహంతో ఎండావు. ఇంతకీ మేలు ఎవరికి జరిగిందిరా?"

బొచ్చన్న తన కుండీ వైపు చూశాడు. "దోమలకు," అన్నాడు.

ఆ సాయంత్రమే ముళ్ళమ్మ పిల్లలతో గుహలోకి మారింది. పిల్లలు కడుపునిండా తాగి, నడిచే పని లేకుండా పడుకున్నారు. బొచ్చన్న ఆమె బొరియలోకి వెళ్ళాడు. తల పట్టింది, నడుము పట్టలేదు.

మర్నాడు అతను రెండు గుట్టలు దాటి రొప్పుతూ ఊట దగ్గరికి వచ్చాడు. ముళ్ళమ్మ ఒక్క చుక్క కింద పడకుండా రెండు దొప్పలు నింపింది.

"ఇంకొంచెం పోయవా?"

"ముందు ఇవి తాగన్నా. దాహం తీరకపోతే అడుగు."

బొచ్చన్న తాగాడు. దాహం తీరింది. ఇంకేమీ అడగకుండా ఎండలో గుట్ట ఎక్కసాగాడు.

నీతి: ప్రేమ ఒక్కటే చాలదు, ఎదుటివారికి ఎంత కావాలో చూసి, అంతే ఇవ్వాలి.