రాయి నీడ తిరిగే రోజు

ఎర్రగట్టు అడవిలో నెమళ్లు, కుందేళ్లు, ముళ్లపందులు ఉండేవి. ఉత్తరాన గట్టు, దక్షిణాన వాగు. ఆ రెండింటికీ మధ్య ఒక కుంట. కుంటలో కప్పలు, ఒక ముసలి తాబేలు కాపురం ఉండేవి. ఒడ్డున ఒక నిలువురాయి ఉండేది.

ఎండలకు కుంట ఎండిపోయింది. కప్పలన్నీ అడుగు మట్టిలోకి దూరి పడుకున్నాయి. వాటిలో చెమ్మి అనే కప్ప కడుపునిండా గుడ్లతో ఉంది. అది ఏడాదికి ఒక్కసారే గుడ్లు పెడుతుంది. కిందటేడు పెట్టినవాటిలో ఒక్కటీ దక్కలేదు. ఈసారైనా పిల్లలు బతకాలని దాని ఆశ.

చైత్రమాసం చివర ఒక మధ్యాహ్నం గట్టిగా ఉరిమింది. పెద్ద వాన పడింది. కుంటలో జానెడు నీళ్లు నిలిచాయి.

డప్పన్న అనే గండుకప్ప అందరికంటే ముందు పైకి వచ్చింది. దాని గొంతు గట్టు దాకా వినబడుతుంది. ఆ గొంతంటే దానికి మహా గర్వం.

"లేవండి, లేవండి! వానాకాలం వచ్చేసింది! నేను పిలిచాక కూడా పడుకుంటారా?" అని అరిచింది.

కప్పలన్నీ గెంతుకుంటూ వచ్చి నీళ్లలో దిగాయి. గుడ్లు పెట్టసాగాయి. చెమ్మి కూడా బయలుదేరింది.

నిలువురాయి పక్కనుంచి తాబేలు తల బయట పెట్టింది. "ఆగవే చెమ్మీ. రాయి నీడ ఇంకా తిరగలేదు" అంది.

డప్పన్న పకపకా నవ్వింది. "ఏదీ నీడ? నాకు కనబడదేం? కళ్లముందు నీళ్లుంటే నీడతో పనేమిటి తాతా?"

"మబ్బు పట్టింది, ఎలా కనబడుతుంది? నిన్న మిట్టమధ్యాహ్నం చూశాను. గట్టు వైపే ఉంది."

"తాత మాట విని అక్కడే కూర్చో చెమ్మీ! నీకూ వీపున డొప్ప మొలుస్తుంది" అని కప్పలు ఎగతాళి చేశాయి.

నీళ్లు చల్లగా ఉన్నాయి. కడుపు బరువుగా ఉంది. చెమ్మి ఒక కాలు నీళ్లలో పెట్టి, మళ్లీ తీసేసింది. "ఒక్కరోజు ఆగుతాను. రేపు నా కళ్లతో చూసుకుంటాను" అంది.

మర్నాడు ఎండ కాసింది. మిట్టమధ్యాహ్నం చెమ్మి రాయి దగ్గరికి వెళ్లింది. నీడ పొట్టిగా, గట్టు వైపు పడి ఉంది.

"అయితే ఏమిటి తాతా?" అని అడిగింది.

"చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. పగలు చిన్నది, నీడ పొడుగు. తరవాత రోజూ కొంచెం కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. పగలు పెరుగుతుంది, నీడ తరుగుతుంది. నెత్తిమీదికి వచ్చి అటు దాటాడంటే నీడ వాగు వైపు తిరుగుతుంది. అప్పుడు ఎండకు నేల బాగా కాగుతుంది. వేడిగాలి పైకి లేస్తుంది. దాని చోటులోకి సముద్రం మీది తడిగాలి వస్తుంది. వానాకాలం అంటే అదీ."

"మరి నిన్నటి వాన?"

"అది ఒక్క పూట వేడికి లేచిన మబ్బు. కురిసింది, పోయింది."

చెమ్మి మళ్లీ మట్టిలోకి దూరింది.

తొమ్మిదో రోజుకు కుంట నెర్రెలు విచ్చింది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలకు అప్పటికి తోకలే ఉన్నాయి. కాళ్లు రాలేదు. నీళ్లు లేక అవన్నీ ఆ మట్టిలోనే ఎండిపోయాయి. డప్పన్న పిల్లలూ అందులోనే పోయాయి. 

చెమ్మి మాత్రం రోజూ మధ్యాహ్నం పైకి వచ్చి చూసి వెళ్లేది. ఒకరోజు నీడ రాయి కిందే ఉంది. మరి నాలుగు రోజులకు వాగు వైపు వెంట్రుకంత గీత కనబడింది.

"తాతా, తిరిగింది!"

"ఇంకొక నెల ఓపిక పట్టు. నేల కాగాలి."

జ్యేష్ఠమాసంలో పడమటి గాలి మొదలైంది. ఆ గాలి తడిగా ఉంది. నాలుగు రోజులు విడవకుండా వాన కురిసి, కుంట నిండి, వాగు పారింది. చెమ్మి అప్పుడు నీళ్లలో దిగి గుడ్లు పెట్టింది. నీళ్లు తరగకముందే దాని పిల్లలకు కాళ్లు వచ్చాయి. ఒడ్డంతా వాటి గెంతులే.

మరుసటి ఏడు చైత్రంలో మళ్లీ ఒక వాన పడింది. కప్పలన్నీ డప్పన్న గొంతు కోసం ఎదురుచూశాయి. డప్పన్న పాడలేదు. నిలువురాయి దగ్గరికి గెంతి, నీడ చూడటానికి ఎండ ఎప్పుడు వస్తుందా అని కూర్చుంది.

నీతి: ఒక్క వాన చూసి కాలం మారిందని అనుకోకూడదు, పగలు, ఎండ, గాలి, వాన కలిపి చూసినప్పుడే కాలం తెలుస్తుంది.