ఓడెక్కిన పందికొక్కు పేరు

ఒకప్పుడు పందికొక్కుకు గొంతు లేదు. పేరు కూడా సగమే. అందరూ దాన్ని ‘కొక్కు’ అనేవారు.

సముద్రం ఒడ్డున గవరమ్మకు ఒక వరిచేను ఉండేది. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులను పరిగె అంటారు. పరిగె ఏరుకోవడానికి ఎవరైనా రావచ్చు. కాని రోజూ గట్టు మీద నిలబడి, పేరు చెప్పాకే చేలోకి దిగాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

పిచ్చుక చెప్పింది, దిగింది. ఉడుత చెప్పింది, దిగింది.

"నువ్వెవరివే?" అంది గవరమ్మ.

కొక్కు నోరు తెరిచింది. చప్పుడు రాలేదు.

"పేరు చెప్పనిది దొంగే! పో!" అని గవరమ్మ మట్టిబెడ్డ విసిరింది.

కలుగులో ఏడు పిల్లలు ఆకలితో ఉన్నాయి. కొక్కు కాలువ పక్కన కూర్చుని ఏడ్చింది. ఏడుపుకూ చప్పుడు లేదు.

బురదలో పొర్లుతున్న పంది తలెత్తింది. "ఏడిస్తే వినపడాలి కదే! ఇదేం ఏడుపు? గట్టు మీద జరిగింది చూశాలే. నా గొంతులో సగం ఇస్తా, పట్టుకో. కాని పేరు చెప్పినప్పుడల్లా ముందు నన్ను తలచుకోవాలి."

"గుర్ర్..." అంది కొక్కు. పరుగున గట్టెక్కి, "నేను పందికొక్కును!" అని అరిచింది.

గవరమ్మ నవ్వింది. "దిగవే తల్లీ!"

బియ్యం కోసం ఓడలో వచ్చిన ఇంగ్లీషు దొర ఒకడు గవరమ్మ పక్కనే నిలబడి అది విన్నాడు. "సముద్రాల అవతల నీలాంటి ప్రాణి ఒకటుంది. పొడుగు ముక్కు, పొట్టకు సంచి. దాన్ని ఏమనాలో మావాళ్ళకు తెలియదు. నీ పేరు ఇస్తావా?"

పేరు లేని బాధ పందికొక్కుకు తెలుసు. "తీసుకో దొరా" అంది.

దొర ఓడెక్కాడు. దారిలో అతని నోట్లో ఆ పేరు అరిగి అరిగి ‘బాండికూట్’ అయింది.

మర్నాడు పందికొక్కు గట్టెక్కింది.

"ఎవరు?" అంది గవరమ్మ.

పందికొక్కు నోరు తెరిచింది. పేరు గుర్తు రాలేదు! నాలుక చివరే ఉంది, రావడం లేదు. ఇచ్చేశాను కదా, ఓడతోపాటు వెళ్ళిపోయిందా? ఇక పిల్లల గతి?

"ఏమే, నిన్న చెప్పావుగా! నేను అందించకూడదు, నువ్వే చెప్పాలి."

భయంతో దాని గొంతు గుర్రుమంది. ఆ చప్పుడుకు బురద గుర్తొచ్చింది. బురదలో పంది గుర్తొచ్చింది.

"పంది... పందికొక్కును!"

"పేరు ఇచ్చినంత మాత్రాన పోతుందటే, పిచ్చిదానా? దిగు, ఏరుకో!"

ఏరుకుంది. పిల్లల కడుపులు నిండాయి. బెంగ మాత్రం పోలేదు.

అప్పటినుంచే పందికొక్కు మట్టి తవ్వుతున్నా, గింజ కొరుకుతున్నా గుర్రుగుర్రుమంటూ ఉంటుంది. కోపం కాదర్రా అది. పేరు ఇంకా ఉందో లేదో చూసుకుంటోంది.